సంక్రాంతి సెలవులకు మదురైయా, తంజావూరా?

ప్రశ్న: ఏటా సంక్రాంతికి తెనాలి వెళ్తాం. ఈసారి ఊళ్లో ఇంటి పైకప్పు విప్పి బాగు చేయిస్తున్నారు, వెళ్లినా తల దాచుకోవడానికి గది లేదు. అందుకని భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు ఎటైనా వెళ్దామనుకున్నాం. హైదరాబాద్ నుంచి బయల్దేరేది నలుగురం: నేను, మావారు, పదకొండేళ్ల బాబు, అరవై తొమ్మిదేళ్ల మా అత్తయ్యగారు. ఆవిడ తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లు కష్టం. మదురై మీనాక్షమ్మను చూడాలని ఆవిడ చాలా కాలంగా అంటున్నారు. నాకేమో తంజావూరు, తిరువైయారు చూడాలని కోరిక. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుని మానేశాను లెండి. మావారు 'ఒక కారు మాట్లాడుకుంటే తంజావూరు, రామేశ్వరం, కన్యాకుమారి, మదురై అన్నీ ఒక చుట్టులో అయిపోతాయి' అంటారు. బాబుకి జల్లికట్టు తప్ప ఇంకేం వద్దు. మదురై వెళ్లమంటారా, తంజావూరు వెళ్లమంటారా? రెండూ కుదిరే మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తంజావూరు వెళ్లండి. ఇదే ఉత్తరం మీరు ఫిబ్రవరి ప్రయాణానికో, ఆగస్టు ప్రయాణానికో రాసి ఉంటే రెండో మాట లేకుండా మదురై అనేదాన్ని. కానీ మీరు వెళ్లేది సంక్రాంతికి. ఆ నాలుగు రోజులూ ఆ రెండూళ్లూ ఎలా ఉంటాయో చెబుతాను. అది విన్నాక ఊరు ఎంచుకోవడం మీకు పెద్ద కష్టం కాదు.

ముందు మీవారి చుట్టు సంగతి తేల్చేద్దాం. పటం మీద నాలుగు ఊళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. తంజావూరు నుంచి రామేశ్వరం సుమారు 230 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కన్యాకుమారి 300, కన్యాకుమారి నుంచి మదురై మళ్లీ 240 పైచిలుకు. పండగ రద్దీలో ఇదంతా రెండు పగళ్లు పూర్తిగా కారులోనే. పైగా అక్కడి పెద్ద గుళ్లు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో తలుపులు వేస్తే మళ్లీ తీసేది నాలుగింటికే. టిఫిన్లు చేసి తీరుబడిగా బయల్దేరితే, ఊరు చేరేసరికి సరిగ్గా గుడి మూసే వేళవుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి నడక కంటే కాళ్లు మడుచుకుని గంటల తరబడి కారులో కూర్చోవడమే ఎక్కువ బాధ. దూర ప్రయాణం చేసి కారు దిగినప్పుడు వాళ్లమ్మగారు మొదటి నాలుగడుగులు ఎలా వేస్తారో ఒకసారి చూస్తే మీవారే ఆ ఆలోచన మానుకుంటారు.

మదురై, తంజావూరు రెండే పెట్టుకుంటే? కుదురుతుంది. మధ్యలో కారులో నాలుగు గంటల లోపు దారే. కానీ గది ఖాళీ చేయడం, పెట్టెలు సర్దడం, కొత్త ఊళ్లో గది దొరకబుచ్చుకోవడం, వీటితో ఒక పూట పోతుంది. వెళ్లే రోజు, తిరిగొచ్చే రోజు ఎలాగూ సగం సగమే. ఇక ఒక్కో ఊరికి మిగిలేది ఒక పగలు. ఆ ఒక్క పగటికి మదురై ఒప్పుకోదు.

సంక్రాంతికి మదురైలో ఏం జరుగుతుందో చెబుతాను. కార్తీకం నుంచి మకరజ్యోతి దాకా శబరిమల వెళ్లే స్వాములంతా దారిలో మదురై చూసుకుంటారు. మన వైపు నుంచి వెళ్లే బస్సుల సంగతి మీకు తెలిసిందే, పళని, మదురై, రామేశ్వరం కలుపుకోకుండా తిరిగి రావు. జ్యోతి దర్శనం అయ్యాక వెనక్కి వచ్చేవాళ్లూ ఆ దారే పడతారు. సరిగ్గా మీరు వెళ్లాలనుకున్న రోజులు అవే. దానికి పొంగల్ సెలవుల కుటుంబాలు తోడు. మామూలు రోజునే మీనాక్షి గుళ్లో అమ్మవారి దగ్గర ఒక వరస, సుందరేశ్వరుడి దగ్గర ఇంకో వరస. గుడి చుట్టూ ఉన్న చిత్తిరై వీధుల్లోకి బళ్లు రానివ్వరు కాబట్టి ఆటో ఎక్కడో దింపేస్తుంది. 2018లో గుళ్లో మంటలు రేగిన తర్వాత నుంచి లోపలికి ఫోన్లు కూడా తీసుకెళ్లనివ్వడం లేదు. చెప్పులు ఒక చోట, ఫోన్లు ఒక చోట అప్పజెప్పి, తనిఖీ దాటి లోపలికి అడుగు పెట్టేసరికే అత్తయ్యగారు కూర్చోవడానికి అరుగు వెతుక్కుంటారు. పండగ రద్దీలో అరుగు కూడా దొరకదు. జనంలో మీరు విడిపోతే ఫోన్ చేసి పిలుచుకునే వీలుండదు.

బాబు అడిగిన జల్లికట్టు వల్లే మదురై ఇంకా ఇరుకవుతుంది. పొంగల్ రోజు అవనియాపురం, మర్నాడు పాలమేడు, ఆ మర్నాడు అలంగానల్లూరు. మూడూ మదురై చుట్టుపక్కల ఊళ్లే, అవనియాపురమైతే నగరం అంచు. చూడటానికి రాష్ట్రం నలుమూలల నుంచీ, బయటి దేశాల నుంచీ వస్తారు. పొద్దున్నే మొదలైపోతుంది, చీకటితోనే వెళ్లి చోటు పట్టాలి. వాడివాసల్ అంటారు, ఎద్దు బయటికి దూకే ఇరుకు గుమ్మం, దానికి ఎదురుగా చోటు దొరికితేనే ఏమైనా కనబడేది. లేకపోతే ముందున్నవాళ్ల వీపులు, పైకి లేచిన దుమ్ము, మైకులో కేకలు. పదకొండేళ్ల పిల్లాణ్ణి ఆ తోపులాటలోకి తీసుకెళ్లమని నేను చెప్పను. టీవీల్లో పొద్దుటి నుంచీ ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది, హోటల్ గదిలో ఇడ్లీ తింటూ చూపించండి. అక్కడ నుంచుని చూసినవాళ్ల కంటే వాడికే బాగా కనబడుతుంది.

ఇంత చెప్పానని మదురైని తీసిపారేస్తున్నాననుకోవద్దు. ఆ గుడికి పద్నాలుగు గోపురాలు, దక్షిణ గోపురం దాదాపు 170 అడుగుల ఎత్తు. అయితే వాటికంటే రాత్రి గుడి మూసే ముందు జరిగే పళ్లియరై సేవ చూడాలి. సుందరేశ్వరుడి పాదాలను చిన్న పల్లకీలో పెట్టి, సాంబ్రాణి పొగ, మేళం, వింజామరలతో అమ్మవారి పడకగదికి తీసుకెళ్తారు. రోజూ జరుగుతుంది. అలవాటు పడ్డ పూజారి నడకకీ, వెనక వస్తున్న ఊరివాళ్ల ముఖాలకీ ఏ వేడుకా సాటి రాదు. అది చూడాలంటే గుడికి నడిచొచ్చే దూరంలో గది తీసుకుని, మధ్యాహ్నం నిద్రపోయి, రాత్రి ఎనిమిది దాటాక తీరిగ్గా వెళ్లాలి. జనం పల్చగా ఉండే నెలల్లో అత్తయ్యగారు అది హాయిగా చూస్తారు. ఏప్రిల్, మే నెలల్లో చిత్తిరై ఉత్సవం, అప్పుడూ వద్దు. ఫిబ్రవరి గానీ, వానాకాలం నడిమి నెలలు గానీ మేలు. ఆ ప్రయాణానికి రెండు రాత్రులు చాలు.

ఒక్క మినహాయింపు. అత్తయ్యగారిది ఉత్త కోరిక కాక మొక్కు అయితే, నేను రాసిందంతా పక్కన పెట్టి మదురైకే టికెట్లు కొనండి. ముడుపు కట్టిన మనిషికి జనవరి రద్దీ గురించి చెప్పి లాభం లేదు. మీ ఉత్తరంలో 'చాలా కాలంగా అంటున్నారు' అని మాత్రమే ఉంది. ఆవిణ్ణే కూర్చోబెట్టి అడగండి. మీవారి ద్వారా అడిగించవద్దు, ఆయన నాలుగు ఊళ్లూ కలిపి అడుగుతారు.

తంజావూరు ఎందుకంటే, ఆ నాలుగు రోజులూ ఆ ఊరికి సంవత్సరంలో మంచి రోజులు. కావేరికి నీళ్లు వదిలే మెట్టూరు డ్యాముకి ఒక ఆనవాయితీ ఉంది. నిల్వ బాగుంటే జూన్ 12న తెరుస్తారు, జనవరి 28న మూస్తారు. మూశాక తిరువైయారులో కావేరి మెల్లగా ఇసుక తేలిపోతుంది. వేసవిలో వెళ్లి 'ఇదేనా కావేరి' అని నిట్టూర్చినవాళ్లు బోలెడు మంది. సంక్రాంతికి వెళ్తే నీళ్లుంటాయి, దారికి రెండు వైపులా సాంబా వరి పండి కోతకి వచ్చి ఉంటుంది. ఎండ కూడా పెద్దగా ఉండదు. తెనాలి మనుషులు కదా, వరిచేలు ఆపి చూడమని మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

రెండో కారణం కనుమ. తమిళులకి అది మాట్టు పొంగల్. ఆ రోజు తంజావూరు పెద్దగుళ్లో, అంటే బృహదీశ్వరాలయంలో, నందికి అలంకారం చేస్తారు. ఆ నంది ఒకే రాయి, పదమూడు అడుగుల ఎత్తు, నాయక రాజుల కాలంలో పెట్టింది. అంత నందినీ కూరగాయలతో, పళ్లతో, మిఠాయిలతో కప్పేస్తారు. టన్ను పైనే పడుతుంది. వంకాయలు, గుమ్మడికాయలు, క్యారెట్లు, అరటిగెలలు, నారింజలు దండలుగా గుచ్చి మెడ నుంచి మూపురం మీదుగా దిగేస్తే రాయి కనిపించేది మూతి దగ్గరే. అక్కడే గోపూజ కూడా చేస్తారు. ఆవులనీ దూడలనీ వరసగా నిలబెట్టి పసుపు కుంకుమలు పెడతారు. పూజ అయ్యాక ఆ కూరలూ పళ్లూ జనానికి పంచేస్తారు. కనుమకి పశువులను ముస్తాబు చేసే ఇంటి పిల్లాడు ఆ నందిని చూస్తే జల్లికట్టు మర్చిపోతాడో లేదో హామీ ఇవ్వలేను గానీ, ఇంటికొచ్చి స్నేహితులకి చెప్పుకునేది మాత్రం దాని గురించే. పొద్దున్నే వెళ్లండి. జనం ఉంటారు, కానీ అక్కడి ఆవరణ విశాలం, నంది మండపం ఆరుబయట. ఇరుకు మంటపాల్లో నలిగిపోవడం ఉండదు.

మీ నాలుగు రోజులకీ ఒక మెలిక ఉంది, ఇప్పుడే చెప్పేస్తాను. పొంగల్, ఆ మర్నాడు, ఆ మర్నాడు మూడు రోజులూ తమిళనాట ప్రభుత్వ సెలవులు. తంజావూరు కోటలోని మ్యూజియం, సరస్వతీ మహల్ గ్రంథాలయపు ప్రదర్శనశాల ఆ రోజుల్లో తలుపులు వేసి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి వాటికి మీ చేతిలో ఉన్నది భోగి ఒక్కటే. ఉదయం విమానంలో తిరుచ్చిలో దిగండి, హైదరాబాద్ నుంచి నేరుగా ఉంది. అక్కణ్ణుంచి తంజావూరు అరవై కిలోమీటర్ల లోపే. గదిలో పెట్టెలు పడేసి, భోంచేసి, కాసేపు నడుం వాల్చి మూడింటికల్లా కోటకి వెళ్లిపోండి. భోగి మంటలు ఈ ఏడు మానేయండి. పొద్దున్నే నలుగురికీ తలంట్లు పెట్టుకుంటే విమానం అందదు.

కోటలో బురుజు మెట్లున్నాయి, అత్తయ్యగారిని ఆ జోలికి పోనివ్వవద్దు. చూడాల్సినవి కిందే ఉన్నాయి. మ్యూజియంలోని చోళ విగ్రహాల్లో వృషభవాహన మూర్తి ఎక్కడుందో అడిగి మరీ వెళ్లండి. తిరువెన్‌కాడులో దొరికిన కంచు విగ్రహం, 1011 నాటిది. శివుడు కాళ్లు మెలివేసి నిలబడి, జుట్టును పాములతో తలపాగాలా చుట్టుకుని, ఒక చెయ్యి ఎద్దు మీద ఆనించి ఉంటాడు. ఎద్దు మాత్రం లేదు. ఏనాడో పోయింది. చెయ్యి ఇంకా దాని మీద ఆనుకున్నట్టే గాల్లో ఉంది, వేళ్లు కాస్త వదులుగా, రోజూ ఆనుకునే పశువు మీద పెట్టినట్టు. బాబుని ఆ చేతి దగ్గర నిలబెట్టి ఎద్దు ఎంత ఎత్తుండి ఉంటుందో చెప్పమనండి. పిల్లలకి మ్యూజియం విసుగు అనేవాళ్లు, వాళ్లకి ఇలాంటి పని ఒక్కటీ అప్పజెప్పి ఉండరు.

అత్తయ్యగారికి ఆ కోట పరాయి చోటు కాదు. తెలుగు పాఠాలు చెప్పిన మనిషికి చేమకూర వెంకటకవి గురించి నేను చెప్పేదేముంది, ఆయన ఉన్నది ఇక్కడే, రఘునాథ నాయకుడి కొలువులో. రఘునాథుడూ, కొడుకు విజయరాఘవుడూ తామే తెలుగులో రాసుకున్న రాజులు. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగు మానలేదు, శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు, కవయిత్రి ముద్దుపళని ప్రతాపసింహుడి కొలువులో ఉంది. నాయకుల కాలంలో మొదలై, రెండో శరభోజీ చేతుల్లో పెరిగిన సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు ఇప్పటికీ వందల్లో ఉన్నాయి. ప్రదర్శనకి పెట్టేవి కొన్నే. అద్దం వెనక ఉన్న ఆకుల మీద గుండ్రటి అక్షరాలు కనబడగానే ఆవిడ ఆగిపోతారు, తొందరపెట్టకండి.

ఇంకో సంగతి. మదురైకీ తంజావూరుకీ తగువు మీ ఇంట్లోనే మొదలవలేదు. రెండు చోట్లా ఏలింది తెలుగు నాయకులే. తంజావూరు విజయరాఘవుడు తన కూతుర్ని మదురై చొక్కనాథ నాయకుడికి ఇవ్వనన్నాడు, అది యుద్ధం దాకా పోయి 1673లో తంజావూరు నాయకుల కథ ముగిసింది. ఆ సందులోనే మరాఠాలు వచ్చారు. మీ ఇంట్లో అంత దూరం పోనివ్వకండి.

భోగి సాయంత్రం అయిదు ప్రాంతంలో పెద్దగుడికి ఒకసారి వెళ్లండి. పండగ జనం ఇంకా రారు, ఎండ తగ్గి రాయి రంగు తేనెకి తిరిగే వేళ. రాజరాజ చోళుడు 1010 నాటికి పూర్తి చేయించిన గుడి, గర్భగుడి మీది విమాన గోపురం ఎత్తు సుమారు 216 అడుగులు. మదురైలో ఎత్తంతా వాకిళ్ల మీది గోపురాలది, గర్భగుడి వాటి మధ్య ఒదిగి ఉంటుంది. ఇక్కడ ఎత్తంతా స్వామి నెత్తినే. అందుకే మోకాళ్లు బాగాలేని మనిషికి ఇది నయం, ఆవరణలో పచ్చిక పక్కన ఎక్కడ కూర్చున్నా గుడి మొత్తం కళ్లెదుటే. దర్శనానికి మాత్రం మెట్లెక్కాలి, చెరో పక్కా పట్టుకుని నెమ్మదిగా ఎక్కించండి. లోపల లింగం పన్నెండు అడుగుల పైన ఉంటుంది కాబట్టి దూరం నుంచీ కనబడుతుంది, తోసుకుని ముందుకి వెళ్లే పని లేదు.

అక్కడ ఎవరో ఒకరు 'ఈ గోపురం నీడ నేల మీద పడదు' అని చెబుతారు. పడుతుంది. ఆ సాయంత్రం ఆవరణలో తూర్పు వైపు పరుచుకున్న నీడ చివర బాబుని నిలబెట్టి ఫోటో తీయండి. గోడల అడుగున చుట్టూ చెక్కిన తమిళ శాసనాలు మాత్రం కట్టుకథలు కావు. రాజరాజు ఎక్కడెక్కడి గుళ్ల నుంచో 400 మంది నాట్యకత్తెలను ఇక్కడికి రప్పించి, ఒక్కొక్కరికీ ఒక ఇల్లు, ఏడాదికి వంద కలాల (కలం అప్పటి ధాన్యపు కొలత) వడ్లు ఇచ్చాడు. వాళ్ల పేర్లు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇల్లు, అంతా రాయి మీద ఉంది. చదవలేకపోయినా, ఆ గీతల్లో ఉన్నవి వెయ్యేళ్ల కిందటి ఇంటి చిరునామాలని తెలిసి చూడటం వేరు.

పండగ రోజు తిరువైయారు. తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో కావేరి, దాని పాయలూ కలిసి అయిదు నదులు దాటుతారు, వంతెనలు లెక్కపెట్టే పని మళ్లీ బాబుకే. ప్రతి ఇంటి ముందూ ముగ్గు, కొత్త కుండలో పొంగలి, చెరకు గడలు, పసుపు కొమ్ముల మొక్కలు కట్టిన కుండల మెడలు. మన పండగే, కాస్త మాండలికం మారినట్టు.

త్యాగరాజస్వామి సమాధి కావేరి ఒడ్డునే. ఆరాధన పుష్య బహుళ పంచమికి. 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న. మీరు వెళ్లే ఏడు పండగకి దగ్గరగా పడిందేమో పంచాంగం చూసుకోండి. పడితే పందిళ్లు, జనం, మైకులు. విద్వాంసులంతా కూర్చుని పంచరత్నాలు కలిసి పాడే ఆ గంట వినదగ్గదే, కానీ మీ అత్తయ్యగారితో, పిల్లాడితో అయితే ఆరాధన లేని రోజే నేను కోరుకుంటాను. ఖాళీగా ఉన్న సమాధి మందిరంలో మీరు కూర్చుని నెమ్మదిగా పాడుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మానేసి ఎన్నేళ్లయిందని ఎవరూ అడగరు కూడా.

అక్కడే గాయని బెంగళూరు నాగరత్నమ్మ విగ్రహం ఉంటుంది, చాలామంది చూడకుండా దాటిపోతారు. ఈ మందిరం కట్టించింది ఆవిడ, తన సొంత సొమ్ముతో, 1920లలో. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదు. డబ్బు పెట్టి గుడి కట్టించిన మనిషినే పాడనివ్వకపోతే, ఆవిడ ఆడవాళ్ల చేత వేరుగా ఆరాధన జరిపించింది. అందరూ కలిసి పాడటం 1940ల దాకా కుదరలేదు. ముద్దుపళని కావ్యాన్ని పరిష్కరించి 1910లో మళ్లీ అచ్చు వేయించిందీ ఈవిడే, దాన్ని అశ్లీలమని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. నిన్న కోటలో ముద్దుపళని ఊసు, ఇవాళ ఏటి ఒడ్డున నాగరత్నమ్మ. ఈ కథ మీరు చెప్పకండి, అత్తయ్యగారి చేత చెప్పించండి, కారులో తిరిగొచ్చేటప్పుడు. టీచర్లు రిటైరైనా పాఠం రిటైరవదు. తిరువైయారులో అశోకా హల్వా అని పెసరపప్పుతో చేస్తారు, ఆ ఊరి పేరు చెప్పుకునే మిఠాయి. పండగ పూట కొట్టు తీసి ఉంటే వేడిగా తినండి.

కనుమ పొద్దున నంది అయిపోయాక మధ్యాహ్నం పడుకోండి. సాయంత్రం ఓపికుంటే దారాసురం, కుంభకోణం పక్కన, తంజావూరు నుంచి గంట పైన. చిన్న గుడి, దగ్గరగా వెళ్లి చూడాల్సిన శిల్పం, గుర్రాలు లాగుతున్న రాతి రథంలా చెక్కిన మండపం. మీవారికి కారెక్కిన తృప్తీ, కుంభకోణంలో డిగ్రీ కాఫీ కూడా. ఓపిక లేకపోతే మానేయండి, ఈ ప్రయాణంలో మానేయడానికి వీలైంది అదొక్కటే.

తిండి గురించి ఒక హెచ్చరిక. పొంగల్ రెండు రోజులూ చిన్న హోటళ్లు, మెస్సులు మూసేస్తారు, పనివాళ్లంతా ఊళ్లకి వెళ్లిపోతారు. అందుకని లోపలే వంట ఉండే హోటల్ చూసుకోండి, పండగ రోజుల్లో కిచెన్ నడుస్తుందా అని ఫోన్ చేసి అడగండి. రైల్వే స్టేషనుకీ పెద్దగుడికీ మధ్య తీసుకుంటే రెండూ దగ్గర. లిఫ్టు ఉందో లేదో అడగండి, ఉందంటే పనిచేస్తోందా అని కూడా అడగండి. సాంబారు మనకి చప్పగా అనిపిస్తుంది, చిన్న సీసాతో ఊరగాయ పెట్టుకుంటే అత్తయ్యగారు సుఖపడతారు. గుళ్లలోకి అందరికీ పాత సాక్సులు, మధ్యాహ్నం రాయి జనవరిలో కూడా కాలుతుంది.

కారు మూడు రోజులకి ఒకే మనిషిని మాట్లాడుకోండి. పండగ పూట బండి తీయడం వాళ్లకీ కష్టమే, రోజువారీ బత్తాతో పాటు పొంగల్ రోజుకి పైన ఏమైనా ఇవ్వాలా అని ముందే తేల్చుకుంటే చివర్లో మాటా మాటా రాదు. ముక్కనుమ వాళ్లకి కాణుం పొంగల్, ఊరంతా షికారుకి బయల్దేరే రోజు. తిరుచ్చి రోడ్డు మీద గంటన్నర అనుకున్న దారికి రెండున్నర గంటలు పెట్టుకోండి, విమానం మధ్యాహ్నంది చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉండే తమిళులు పండక్కి ఊళ్లకి వెళ్లేదీ మీరు వెళ్లే రోజుల్లోనే, కాబట్టి తిరుచ్చి టికెట్లు అక్టోబరు, నవంబరుల్లోనే కొనేయండి. రైలైతే ఇప్పుడు అరవై రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు, పండగ రైళ్లలో బెర్తులు తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి, చెన్నైలో మళ్లీ రైలు మారాల్సి రావచ్చు. ఆవిడ మోకాళ్లకి విమానమే నయం. టికెట్లు తీసుకునేటప్పుడే విమాన సంస్థకి చెప్పి వీల్‌చెయిర్ రాయించండి. విమానాశ్రయంలో నడక గుళ్లో కంటే ఎక్కువ. టీచరుగారు 'నాకెందుకు' అంటారు, అన్నా రాయించండి. మదురైకి ఫిబ్రవరిలో రెండు రాత్రుల టికెట్లు కూడా ఆ రోజే కొని, ఆ కాగితం ఆవిడ చేతికివ్వండి.